మైకు ముందు మా నాన్న

నా డిగ్రీ పట్టా మీద మాస్ కమ్యూనికేషన్ అని అచ్చు వేసి ఇచ్చారు. అచ్చయిన ప్రతిదాన్నీ నమ్మకూడదని ఆ చదువులోనే చెప్పారు కాబట్టి నేను దాన్ని పెద్దగా నమ్మను.

మా డిపార్ట్‌మెంటు మాతో మాట్లాడేది కాదు. పరీక్షలు ఎప్పుడో కామర్స్ వాళ్ళ నోటీసు బోర్డు ముందు మెడలు సాచి తెలుసుకునేవాళ్ళం. మాకూ ఒక బోర్డు లేకపోలేదు. దానికి అద్దాల తలుపు, తలుపుకి తాళం, లోపల రంగు వెలిసిపోయిన వ్యాసరచన పోటీ ప్రకటన. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. "పెడతాం లెండి నోటీసు, తొందరేముంది?" అనేవారు మా హెచ్‌ఓడీ సారు హిందీలో. సమాచారం వేగంగా చేరడం ఎంత ముఖ్యమో అనే పాఠం ఆయన రెండు సెమిస్టర్ల పాటు చెప్పారు.

ఇక కెమెరా. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అదీ సంగతి. కాలేజీ బ్రోషర్‌లో దాని ఫొటో చూసే నేను చేరాను. తీరా చేరాక తెలిసింది, అది ఇనప బీరువాలో ఉంటుందని, బయటికి తీస్తే పాడవుతుందని, పాడైతే సారు జవాబు చెప్పుకోవాలని. అందుకని సారు బోర్డు మీద సుద్దముక్కతో కెమెరా బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, ఇది లెన్సు, ఇది మైకు అని చూపించేవారు. మేము ఆ బొమ్మని శ్రద్ధగా దింపుకునేవాళ్ళం. పైనుంచి ఎవరైనా తనిఖీకి వచ్చిన రోజు మాత్రం అమ్మవారు ఊరేగింపుకి బయల్దేరినట్టు కెమెరా బల్ల మీదికి వచ్చేది. దాని చుట్టూ మమ్మల్ని నిలబెట్టి ఫొటో తీసేవారు. ఆ ఫొటో తీసింది ప్యూను ఫోనుతో.

మా ఇల్లు భాలుబాసాలో, అంటే హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్ళో ఒక పేటలో. తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి ఇనుము పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. అమ్మానాన్నలు తెలుగులో అడుగుతారు, నేను హిందీలో జవాబిస్తాను. మా వీధిలో తెలుగు ఇళ్ళన్నిటా ఇదే తంతు. ఆదివారం తెలుగు చర్చి. మా వాళ్ళలో ఆడపిల్ల ప్లస్ టూ దాటితే నర్సింగ్, కాదంటే టీచర్ ట్రైనింగ్. నేను మాస్ కామ్‌లో చేరానని తెలిసి చర్చి మెట్ల దగ్గర ఆంటీలకి పెద్ద చిక్కే వచ్చిపడింది.

"మాస్‌కామ్ అంటే ఏటమ్మా? టీవీలో వత్తావేటి?" అంది ఒకావిడ.

"వత్తాదేమో. మరి ఆ జుట్టు అలగే ఉంచుతారేటి?" అంది రెండో ఆవిడ, నన్ను కాదు, మా అమ్మని.

మా చదువులో బైట్ అని ఒకటుంది. ఎవరి సంగతి వాళ్ళ నోటితోనే, కెమెరా ముందు, సూటిగా నాలుగు మాటల్లో చెప్పించి పట్టుకురావాలి. సారు దాని గురించి చెప్పేటప్పుడు ఛాతీ విరిచేవారు. "ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. ఈ ఐదూ రాబట్టండి. జర్నలిస్టు ఎవరికీ భయపడడు," అనేవారు. ఆ మాట అనే ముందు ఒకసారి వరండాలోకి తొంగి చూసేవారు, ప్రిన్సిపాల్ గారు అటుగా వస్తున్నారేమోనని.

బైట్లు తీసుకురమ్మంటే మా క్లాసు పిల్లలు బజారుకి వెళ్ళారు. నేను నాకు తెలిసిన మనుషుల దగ్గరికి వెళ్ళాను, అంటే మా చర్చి వాళ్ళ దగ్గరికి. పక్క పేట సీతారాండేరాలో ఒక ఆంటీ ఉండేది. ఆవిడ వీధి కుళాయిలో నీళ్ళు రావట్లేదని, మునిసిపాలిటీ వాళ్ళ తరాలన్నీ కలిపి రోజూ తిట్టేది. ఆ తిట్లలో కాసిని ఫోన్‌లో పట్టుకుందామని వెళ్ళాను. ఫోన్ ఎదురుగా పెట్టి, "ఆంటీ, నీళ్ళ సంగతి చెప్పండి," అన్నాను.

ఆంటీ కొంగు తలమీదికి లాక్కుంది. కళ్ళు కిందికి దించింది. "ప్రభువు నామంలో అందరికీ వందనములు. ఈ నాలుగు మాటలు చెప్పుటకు దేవుడు నాకిచ్చిన కృపను బట్టి ఆయనకు స్తోత్రములు. నీళ్ళు లేకపోయినను ఆయన మమ్మును పోషించుచున్నాడు. ఈ కొద్ది మాటలు దేవుడు దీవించును గాక, ఆమేన్."

ఓలమ్మో! గంట కిందట కుళాయి దగ్గర బిందె ఎత్తి ఎవర్నో కొట్టబోయిన మనిషి ఈవిడేనా అని నేను నోరు తెరిచాను. ఇంకో ఇద్దరిని అడిగాను. ఇద్దరూ అంతే. అప్పుడు అర్థమైంది. మా వాళ్ళకి పుట్టి బుద్ధెరిగాక మైకు అంటే ఒక్కటే మైకు, చర్చిలో సాక్ష్యం, అంటే దేవుడు తమకి చేసిన మేలు, చెప్పే మైకు. అది ముందుకొచ్చిందంటే చాలు, వీధిలో మాట్లాడే తెలుగు మాయమైపోయి పుస్తకంలో తెలుగు వచ్చేస్తుంది. కష్టం ఉంటుంది కానీ దానికి కారణమైన మనిషి ఉండడు. తప్పంతా సాతానుది, మేలంతా దేవుడిది, మధ్యలో మునిసిపాలిటీ క్షేమంగా ఇంటికి వెళ్ళిపోతుంది.

ఇదంతా నవ్వుకునే సంగతిగానే ఉండేది, ఆఖరి సెమిస్టర్లో మా నాన్న పైనుంచి పడకపోతే.

నాన్న ఒక కాంట్రాక్టర్ కింద పని చేసేవాడు. ఊరి బయట ఒక కార్ఖానాలో షెడ్డు కప్పు మీద పాత రేకులు తీసి కొత్తవి వేసే పని. నడుముకి బెల్టు, బెల్టుకి తాడు, తాడుకి హుక్కు. హుక్కు పైన కడ్డీకి తగిలించుకుంటే మనిషి జారినా వేలాడతాడు. నాన్న జారాడు, హుక్కు పట్టలేదు. కింద ఉన్న చెక్కల మంచె మీద పడ్డాడు కాబట్టి ప్రాణం దక్కింది. ఎడమ మణికట్టు, భుజం దగ్గర ఎముక విరిగాయి.

పాస్ ఆపేశారు. పాస్ లేకపోతే కార్ఖానా గేటు లోపలికి రానివ్వరు. ఎంక్వైరీ పెడతాం అన్నారు. మనిషి తప్పు లేదని తేలితే చెయ్యి నయమయ్యాక పాస్ తిరిగి ఇస్తారు. హుక్కు వేసుకోకపోవడం అతని నిర్లక్ష్యమే అని తేలితే పాస్ రద్దు. ఒక గేటు దగ్గర రద్దయిన పేరు మిగతా గేట్లకీ తెలిసిపోతుంది. నాన్న వయసులో, ఆ పేరుతో, ఇక ఏ కాంట్రాక్టరూ నిచ్చెన కూడా పట్టుకోనివ్వడు. మా ఇంట్లో సంపాదించే చెయ్యి అదొక్కటే, అదిప్పుడు మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతోంది.

నాన్న తప్పు కాదని మాకు తెలుసు. పడటానికి ముందు రోజు అన్నం తింటూ అమ్మతో అన్నాడు, హుక్కు స్ప్రింగు పోయింది, పట్టట్లేదు అని. అందుకే అమ్మ రోజూ అదే ప్రశ్న అడిగేది.

"పట్టట్లేదని నీకు తెలుసు కదయ్యా. తెలిసి ఏల ఎక్కినావు?"

నాన్న గుడ్డలోని చేతికేసి చూసుకునేవాడు. "దేవుని సిత్తం," అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలేది కాదు.

ఆ సైట్ మీద సూపర్‌వైజరు ఎవరో కాదు, మా చర్చి సంఘపెద్ద. కద్మా పేటలో సొంతిల్లు, తెల్ల చొక్కా, గంభీరమైన గొంతు. ప్రార్థన మొదలుపెట్టాడంటే పొయ్యి మీద పప్పు ఉడికి చల్లారిపోవాలి. నాన్నని ఈ పనిలో పెట్టింది ఆయనే. నాన్న ఆయన్ని అన్నయ్యా అంటాడు, సొంత అన్నకి ఇవ్వనంత మర్యాద ఇస్తాడు. ఆయన యాపిల్ పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చాడు, ప్రార్థన చేశాడు, అమ్మ ఇచ్చిన టీ తాగాడు. లేచి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర అసలు సంగతి బయటపెట్టాడు.

"తమ్ముడూ, ఎంక్వైరీలో ఎక్కువ మాటలెందుకు? తొందర్లో హుక్కు ఏసుకోలేదు అని ఒక్క మాట సెప్పీ. తరవాత సంగతి నాను సూసుకుంటాను."

నాన్న తలూపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ యాపిల్ పళ్ళు నేను ముట్టుకోలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని అమ్మ పళ్ళెం తీసి పక్కింటి పిల్లలకి పంచేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు ఆఖరి ప్రాజెక్టు ఇచ్చారు. పది నిమిషాల డాక్యుమెంటరీ. విషయం 'నాకు తెలిసిన నగరం'. ఎవరి ఫోన్‌తో వాళ్ళే తీసుకోవాలి, కెమెరా ఎలాగూ బీరువాలో విశ్రాంతి తీసుకుంటోంది. క్లాసులో సగం మంది పార్కులో చెరువు దగ్గరికి సూర్యాస్తమయం తియ్యడానికి పరిగెత్తారు. అందరికీ అదే సూర్యుడు, అదే చెరువు, అదే బాతు. నేను మా నాన్నని ఎంచుకున్నాను. నిజం చెప్పాలంటే ముందు అనుకున్నది మార్కుల కోసమే. మంచం మీద ఖాళీగా కూర్చున్న కథానాయకుడు ఎవరికి దొరుకుతాడు? తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఫోన్ ముందు ఒకసారి నోరు తెరిచి జరిగింది జరిగినట్టు చెప్పాడంటే, ఎంక్వైరీలో కూడా నోరు తిరుగుతుంది కదా అని.

వీధి వైపు కిటికీ పక్కన కుర్చీ వేశాను. అమ్మ నాన్నకి ఉతికిన చొక్కా తొడిగింది. తెలుగులో చెప్పు నాన్నా, నీ భాషలో అయితే మనసులోంచి వస్తుంది అన్నాను. అది మా సారు చెప్పిన మాటే. మాతృభాషలో మనిషి అబద్ధమాడలేడని ఆయన ఒకసారి సెలవిచ్చారు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "ప్రభువు నామమునకు మహిమ కలుగును గాక. ఆ దినమున నేను పనిలో ఉండగా సాతాను నన్ను పడద్రోయ ప్రయత్నించెను గాని..."

"అరే నాన్నా! షైతాన్ నహీ, హుక్ బోలో, హుక్!" అన్నాను నేను.

"అదే సెప్తన్నాను గదమ్మా," అన్నాడు నాన్న తన మామూలు గొంతులో. మళ్ళీ ఫోన్ వైపు తిరిగాడు. "శోధన కలిగినప్పుడు దేవుడు నా పక్షమున నిలిచి..."

ఎవరు? సాతాను. ఎక్కడ? శోధనలో. ఎప్పుడు? ఆ దినమున. ఎందుకు? దేవుని చిత్తము. సారు చెప్పిన ఐదింటికీ జవాబులు వచ్చేశాయి, కాకపోతే ఒక్కటీ నాకు పనికొచ్చేది కాదు. ఫోన్ కిందికి దించితే చాలు, నాన్న మామూలు మనిషైపోయి, రేకుకి ఎన్ని బోల్టులు పడతాయో, ఎండలో రేకు ఎలా కాలుతుందో చెప్పేవాడు. ఫోన్ పైకెత్తితే మళ్ళీ వందనములు, స్తోత్రములు. దొంగతనంగా తీద్దామని ఫోన్‌ని పప్పుల డబ్బా వెనక దాచాను. నాన్న ఎలాగో కనిపెట్టాడు. డబ్బా వైపు తిరిగి, చేతులు కట్టుకోలేడు కాబట్టి తల మాత్రం వంచి, సాక్ష్యం చెప్పాడు. అమ్మ వంటింట్లోంచి, "నువ్వూ నీ సినిమా! డబ్బా ఇలగియ్యి, పప్పు పొయ్యాల," అని కేకేసింది.

దొరికిందేదో అతికించి సారుకి చూపించాను. తిడతారనుకున్నాను, ఒక్క బైటూ బైట్‌లా లేదని. ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. హిందీ సబ్‌టైటిళ్ళు చదువుతూ కళ్ళు తుడుచుకున్నారు.

"అద్భుతం! ఎంత పాజిటివ్‌గా ఉంది! ఎవరి మీదా నింద లేదు, ఏ సంస్థ పేరూ లేదు. బాధ్యతగల జర్నలిజం అంటే ఇదీ. కింద కొంచెం వేణువు వెయ్యి."

మా డిపార్ట్‌మెంటుకీ మా చర్చికీ ఇంత ఏకాభిప్రాయం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. వేణువు వేశాను. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి, బాతు వాళ్ళు ఏడ్చారు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. మార్కులు వచ్చాయి గానీ నాన్న నోట్లోంచి అసలు మాట రాలేదు, ఎంక్వైరీ మాత్రం దగ్గరపడింది.

దానికి ముందు ఆదివారం చర్చిలో నాన్న కోసం కృతజ్ఞత ప్రార్థన పెట్టారు. కట్టు విప్పకపోయినా బతికి బయటపడ్డాడు కాబట్టి పెట్టుకోవాలన్నారు. అమ్మ పులిహోర వండింది. పాస్టరయ్యగారు నాన్నని సాక్ష్యం చెప్పమంటారని నేను ఫోన్ తీసి సిద్ధంగా ఉన్నాను. నాన్న లేవబోతుంటే సంఘపెద్ద చెయ్యెత్తి ఆపాడు. "తమ్ముడు బలహీనంగా ఉన్నాడు, ఆయన బదులు నేను చెప్తాను," అని మైకు తీసుకున్నాడు.

ఆయన బాగా చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మా సారు చెప్పిన వాయిస్ మాడ్యులేషన్ అంటే ఏమిటో ఆ రోజే చూశాను. దేవుడు తన పిల్లల్ని ఎంతగా ప్రేమిస్తాడో మెల్లగా మొదలుపెట్టి, మెల్లగానే దింపాడు కత్తి. "మన ప్రియ సహోదరుడు తొందరపాటు వలన, తన అజాగ్రత్త వలన, హుక్కు వేసుకొనక పైకి ఎక్కినను, దేవుడు అతని తప్పును లెక్కించక కాపాడినందుకు మనమందరము చెప్పుదమా?"

"ఆమేన్!" అంది చర్చి మొత్తం.

ఆ ఆమేన్‌లో మా నాన్న గొంతు కూడా ఉంది. మొదటి బెంచీలో, అందరికంటే స్పష్టంగా.

నా పక్కన అమ్మ బిగుసుకుపోయింది. నా చేతిలో ఫోన్ రికార్డు చేస్తూనే ఉంది. మీటింగ్ అయ్యాక సంఘపెద్ద నవ్వుతూ నా దగ్గరికి వచ్చాడు. "బాగా తీసినావా అమ్మా? నాకో కాపీ పంపీ," అన్నాడు. ఫోన్ హ్యాంగ్ అయిపోయిందంకుల్ అన్నాను. మూడేళ్ళ చదువులో నేను చేసిన మొదటి స్వతంత్ర సంపాదకీయ నిర్ణయం అది. ఆయన భుజం తట్టి, "పోన్లే, అందరూ విన్నారు కదా," అంటూ పులిహోర వైపు వెళ్ళాడు.

ఇంటికొచ్చాక అమ్మ చీర కూడా మార్చుకోలేదు.

"ఏటి సేసినావు నువ్వు? నీ తప్పే అని ఆయన అంటంటే, ఊరందరి ముందు ఆమేన్ అంటావా? నోరు పడిపోయిందా, కాదని సెప్పడానికి?"

"నోటికొచ్చీసింది," అన్నాడు నాన్న మంచం అంచున కూర్చుని. "అందరూ అన్నారు, నానూ అనీసినాను."

"అందరికీ పోయిందేటి? పాస్ పోయేది నీది!"

నాకు ఆ రోజు మా నాన్న మీద జాలి కలగలేదు. అసహ్యం వేసింది. ఇన్నాళ్ళూ ఫోన్ పెట్టి బతిమాలితే రాని మాట, సంఘపెద్ద అడగగానే గంట కొట్టినట్టు వచ్చిందే అనుకున్నాను. ఆ సాయంత్రం నాన్నకి టీ అమ్మే ఇచ్చింది, నేను ఇవ్వలేదు.

ఎంక్వైరీ రోజు అమ్మ నన్ను తోడు పంపింది. "ఈయన నోరు ఇప్పడు. నీ సదువు ఇయ్యాలైనా పనికి రావాల," అంది. నేను దారంతా హిందీలో వాక్యాలు కూర్చుకున్నాను. మొదటిది ఏమిటి, రెండోది ఎవరు, అలా అన్నీ సారు చెప్పిన వరసలోనే.

ఆఫీసు గది నిండా జాగ్రత్తగా పని చెయ్యమనే పోస్టర్లు. ఒకదానిలో హెల్మెట్ పెట్టుకున్న మనిషి నవ్వుతున్నాడు. బల్ల వెనక సేఫ్టీ ఆఫీసరు, బిహార్ వైపు కుర్రవాడు. పక్క కుర్చీలో తెల్ల చొక్కాతో మా సంఘపెద్ద. ఆఫీసరు హిందీలో అడిగాడు, హుక్కు వేసుకున్నావా లేదా అని.

నాన్న ఊపిరి తీసుకునేలోపే సంఘపెద్ద అందుకున్నాడు. "సాబ్, ఆయన ఒప్పేసుకున్నాడు. మా చర్చిలో, దేవుడి ముందు, అందరి ముందు ఒప్పుకున్నాడు. హుక్కు వేసుకోలేదన్న మాటకి ఆమేన్ అన్నాడు. కావాలంటే అడగండి."

"ఆమేన్ అంటే?" అన్నాడు ఆఫీసరు.

"మంజూర్ అని సాబ్. అలాగే అవుగాక అని."

ఆఫీసరు నాన్న వైపు తిరిగాడు. "అన్నావా?"

"అన్నాను సాబ్," అన్నాడు నాన్న.

కూర్చుకున్న వాక్యాలన్నీ ఒక్కసారి గొంతులోకొచ్చాయి. లేచి మాట్లాడబోయాను. నాన్న బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తర్వాత తనే మాట్లాడాడు, హిందీలో. ముప్పై ఏళ్ళుగా పనిలో మాట్లాడే హిందీ, మొరటుది, లింగాలన్నీ తప్పులే. ఆ గదిలో కూర్చుని వింటుంటే నాకు తట్టింది, ఇన్నాళ్ళూ నేను మా నాన్నని తప్పు భాషలో చెప్పమన్నానని. హిందీలో మా నాన్నకి సాతాను లేడు. వందనములు లేవు, స్తోత్రములు లేవు. అందులో ఉన్నవల్లా హుక్కు, తాడు, రేకు, బోల్టు, షిఫ్టు. ఆయన హిందీలో ఎన్నడూ సాక్ష్యం చెప్పలేదు.

"ఆమేన్ అనడం నాకు అలవాటు సాబ్. మొన్న ఆదివారం అన్నాను. పడిన రోజు పొద్దున కూడా అన్నాను."

ఆఫీసరు పెన్ను ఆపాడు.

"పొద్దున్నే ఈయన దగ్గరికి వెళ్ళాను. హుక్కు పట్టట్లేదు, స్ప్రింగు పోయింది, వేరే బెల్టు ఇప్పించండి అన్నాను. వేరేది స్టోర్లో ఉంది, స్టోరు మనిషి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, రేకులు ఇవాళ ఎక్కిపోవాలి అన్నాడు. నేను ఎక్కను అన్నాను. అప్పుడు ఈయన హెల్మెట్ తియ్యమన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టాడు. దేవా, ఈ నా తమ్ముణ్ణి నీ చేతులతో పట్టుకో అని ప్రార్థన చేశాడు. నేను ఆమేన్ అన్నాను. హెల్మెట్ పెట్టుకుని ఎక్కాను."

అమ్మ రోజూ అడిగిన ప్రశ్నకి జవాబు అదీ. దేవుడి మీద నమ్మకం లేదనుకుంటారని, అన్నయ్య ప్రార్థన పని చెయ్యలేదని అనాల్సొస్తుందని, మా నాన్న ఇన్నాళ్ళూ దాన్ని కడుపులో పెట్టుకుని, సొంత భార్య చేత తిట్లు తిన్నాడు. నేను ఆ మనిషికి టీ ఇవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పోస్టర్లో నవ్వే మనిషి కూడా అలుక్కుపోయాడు.

ఆఫీసరు సంఘపెద్ద వైపు చూశాడు. "నిజమేనా?"

చర్చిలో మైకు ఇస్తే వదలని మనిషి, రెండుసార్లు పెదాలు తడుపుకున్నాడు. "ప్రార్థన చెయ్యడం తప్పా సాబ్?" అన్నాడు.

"బెల్టు తీసుకురండి," అన్నాడు ఆఫీసరు.

బెల్టు వచ్చింది. ఆఫీసరు హుక్కు నోటి దగ్గరి మూతని వేలితో నొక్కాడు. లోపలికి వెళ్ళిన మూత మళ్ళీ బయటికి రాలేదు. ఇంకోసారి నొక్కి చూసి బల్ల మీద పడేశాడు. నాన్న పాస్ రద్దు కాదని, డాక్టరు సరేనన్న రోజు వచ్చి తీసుకోవచ్చని చెప్పాడు. సంఘపెద్దని మాత్రం మధ్యాహ్నం మళ్ళీ రమ్మన్నాడు, కాంట్రాక్టర్ని వెంటబెట్టుకుని.

మేము వరండాలోకి వచ్చాం. గేటు బయట షేరింగ్ ఆటో ఆగి ఉంది. వెనకాల చెప్పుల చప్పుడు వినిపించింది. సంఘపెద్ద మా ముందుకి వచ్చి నిలబడ్డాడు. ముఖం చెమట పట్టింది గానీ గొంతు పాత గొంతే.

"తమ్ముడూ, మనసులో ఏటీ ఎట్టుకోకు. సాతాను అన్నదమ్ముల మధ్య ఇలాగే సిచ్చు ఎడతాడు. రా, ఒక సిన్న ప్రార్థన సేసుకుందాం."

జవాబు కోసం ఆగలేదు. నాన్న మంచి భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టేశాడు. శాంతి సమాధానాలు ఇవ్వమన్నాడు, ఐక్యత ఇవ్వమన్నాడు, క్షమించే హృదయం ఇవ్వమన్నాడు, ఆ హృదయం ఎవరికి కావాలో మాత్రం చెప్పలేదు. నాన్న కళ్ళు మూసుకోలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. ప్రార్థన చివరికి వచ్చింది. "యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ," అని సంఘపెద్ద ఆగాడు.

ఎవరూ ఏమీ అనలేదు. ఆయన కనురెప్పలు అదిరాయి గానీ తెరుచుకోలేదు. "తండ్రీ," అన్నాడు మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా.

నాన్న తన భుజం మీది చేతిని బాగున్న చేత్తో పట్టుకుని తీసి, జాగ్రత్తగా ఆయన పక్కకే దించాడు.

"ఆటో వచ్చీసింది అన్నయ్యా," అన్నాడు.

మేము ఎక్కి కూర్చున్నాక వెనక్కి తిరిగి చూశాను. సంఘపెద్ద వరండాలో అక్కడే నిలబడి ఉన్నాడు, ఇంకా కళ్ళు మూసుకునే.